తడుకు స్టేషనులో గూడ్సుబండి

మా వడమాలపేటకు దగ్గరి రైల్వే స్టేషను తడుకు. రేణిగుంట నుండి అరక్కోణం వెళ్ళే దారిలో, పుత్తూరుకు ముందు వస్తుంది. చిన్నతనంలో అక్కడ లూపు లైనులో గూడ్సుబండి గంటలకొద్దీ నిలబడి మద్రాసు ఎక్స్‌ప్రెస్సులకు దారి ఇవ్వడం చూసి, పాపం దీనికెంత ఓర్పో అనుకునేవాణ్ణి.

ఆ ఓర్పు నాకూ అబ్బిందని చాలాకాలం నమ్మాను. 2001లో, చదువుకునే రోజుల్లో, మా విభాగం మొత్తానికి ఒకటే లినక్స్ యంత్రం. నా లెక్కలు రోజుల తరబడి నడిచేవి. వాటికెప్పుడూ ‘నైస్ 19’ తగిలించేవాణ్ణి. ఆ సంఖ్య −20 నుండి 19 దాకా ఉంటుంది. పెరిగేకొద్దీ ఆ పని ప్రాసెసరు వరుసలో వెనక్కి తగ్గుతుంది. పేరులోనే మర్యాద ఉంది. అది పాటిస్తున్నానని నాకు కాస్త గర్వం కూడా.

ఒక ఉదయం తోటి విద్యార్థిని ఒకామె వచ్చి, “రాత్రంతా నీ ప్రోగ్రాము నడస్తా ఉండిందా అన్నా?” అని అడిగింది. ఆ పూట గైడుకు చూపవలసిన ఫలితాలు ఆమెకు రాలేదు.

“నైస్ పెట్టినానే!” అన్నాను.

పెట్టిన మాట నిజమే. కాని ఆ మర్యాద ప్రాసెసరు వరకే. నా ప్రోగ్రాము గిగాబైట్ల కొద్దీ ఫైళ్ళను చదువుతూ మెమరీని నింపేసి, ఆమె ఫైళ్ళను బయటికి నెట్టింది. వాటికోసం ఆమె ప్రోగ్రాము మళ్ళీ డిస్కు గడప తొక్కవలసి వచ్చింది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కయినా, చెదురుమదురుగా ఉన్నవాటిని సెకనుకు సుమారు వందసార్లే చదవగలదు. ఆ వందలోనూ నా వాటా ఉంది. ప్రాసెసరు మాత్రం ఖాళీగా కూర్చుంది! ఆ పట్టిక చూసినవారెవరూ నన్ను అనుమానించరు.

అప్పుడు గూడ్సుబండి మరోలా గుర్తొచ్చింది. లూపులో నిలబడినంతసేపూ అది ఎవరికీ అడ్డం కాదు. సిగ్నలు పడి మెయిను లైనెక్కిందా, వెనకనున్నది ఎంతటి ఎక్స్‌ప్రెస్సయినా ఆగవలసిందే. 2005లో లినక్స్ 2.6.13తో డిస్కుకూ ‘అయోనైస్’ అనే వరుస వచ్చింది. అయినా డిస్కుకు ఒకసారి అప్పగించిన పనిని మధ్యలో వెనక్కి పిలవలేం. మెమరీ సంగతి దానికీ పట్టదు.

ఆమెతోపాటు గైడు దగ్గరకు వెళ్ళి తప్పు నాదని చెప్పాను. మరో వారం గడువిచ్చారు. ఆ వారం రోజులూ నా లెక్కలు లూపు లైనులోనే ఉన్నాయి.