అరువు ఖాతాలో ఎంబీఏ

ధవళేశ్వరంలో ఓ చిన్న ఎరువుల కొట్టు. ఆ కొట్టుగలాయన కూతురు బీకాం అయ్యాక ఐసెట్ రాసింది. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు. తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు కదాని చివర్లో తోచినవి నొక్కేసింది. రాజమండ్రిలో ఎంబీఏ సీటొచ్చింది. ఇంట్లో పాయసం వండుకున్నారు.

మొదటి ఏడాది అందరికీ అవే పుస్తకాలు... అకౌంటింగ్, ఆర్థికశాస్త్రం, గణాంకాలు, మార్కెటింగ్, మానవ వనరులు. చిక్కంతా రెండో ఏడాదితోనే. ఫైనాన్సా, మార్కెటింగా, హెచ్‌ఆరా? కాగితం మీద రాసివ్వాలి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ కాలవల్లోకి నీళ్లు మళ్లడం చూస్తున్న ఊరది. లాకులు దాటిన నీరు వెనక్కి రాదని ఆ ఊళ్లో పిల్లలక్కూడా తెలుసు.

"ఆడపిల్లకి హెచ్‌ఆరే మంచిదమ్మా, నీడపట్టున కూర్చునే పని" అన్నాడు పెదనాన్న. కార్మిక చట్టాలూ, యూనియన్లతో బేరాలూ అందులోనే ఉంటాయని ఆయనకెవరు చెప్పాలి! స్నేహితురాళ్లూ అటే మొగ్గారు. సిలబస్ తిరగేసి కాదు, పక్క బెంచీ చూసి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంబీఏ 1957లోనే మొదలైంది. దేశంలో తొలి ఐఐఎంలు వచ్చింది 1961లో. ఇంత పాత చదువైనా, ఎంచుకునే తీరు మాత్రం ఇదీ.

కాగితం ఇవ్వాల్సిన ముందురోజు సాయంత్రం ఆ అమ్మాయి కొట్లో కూర్చుని అరువు ఖాతా తిరగేసింది. ఊడ్పులప్పుడు ఇచ్చిన అరువు కోతలైతేగానీ తిరిగి రాదు. ఈలోపు నాలుగు నెలలు. సరుకు తెచ్చిన అప్పుకి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. వెయ్యి రూపాయల సరుకు మీద నాన్న లెక్కలో మిగులు 60. నాలుగు నెలల వడ్డీ 80.

"నాన్నా, ఈ సరుకు అమ్మినందుకు మనమే 20 రూపాయలు ఎదురిచ్చాం."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "అరువివ్వకపోతే మన కొట్టుకెవరొస్తారే?" అన్నాడు చివరికి.

దానికి ఆమె దగ్గర జవాబు లేదు. పుస్తకంలో వర్కింగ్ క్యాపిటల్ గురించి ఓ అధ్యాయముంది. మొహమాటం గురించి లేదు.

రెండు విభాగాలు కలిపి తీసుకునే వీలు ఆ కాలేజీలో ఉంది. ఫైనాన్స్, మార్కెటింగ్ అని రాసిచ్చింది. ఏడాది గడిచి ప్రాజెక్టు రిపోర్టు సమయం వచ్చింది. తోటివాళ్లు కొందరు తయారుగా దొరికే రిపోర్టుల కోసం జెరాక్సు షాపుల చుట్టూ తిరుగుతున్నారు. ఆమె మాత్రం నాన్న దగ్గరికెళ్లి ఖాతా అడిగింది.

ఆయన దుమ్ము దులిపి చేతికిచ్చాడు.

"పేర్లు మాత్రం రాయకమ్మా... అందరూ మనోళ్లే."