ఒక్క నిమిషం కోసం... రోజంతా!

వరంగల్ కోటలో కీర్తితోరణాల దగ్గర సైకిలెక్కాలి. కాజీపేట, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, భువనగిరి దాటుకుంటూ హైదరాబాద్ చేరాలి. ఇంచుమించు 150 కిలోమీటర్లు. అదీ మూడున్నర గంటల్లో! మర్నాడు లేచి మరో ఊరికి, ఆ మర్నాడు ఇంకో కొండ మీదికి... అలా 21 రోజులు తొక్కాలి. మధ్యలో సెలవు రెండంటే రెండే రోజులు. 'టూర్ డి ఫ్రాన్స్' ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ఈ లెక్క చాలు.

సుమారు 3,400 కిలోమీటర్లు సాగే ఈ పోటీకి స్టేడియం లేదు, టికెట్టూ లేదు. రోడ్డు పక్కన ఎక్కడ చోటు దొరికితే అదే గ్యాలరీ. ఊరి మీదుగా వెళ్లిందంటే ఇంటి అరుగే మొదటి వరస! ఇంతకీ దీన్ని మొదలుపెట్టింది ఓ పత్రిక. 1903లో 'లోటో' అనే పత్రిక సర్క్యులేషన్ పెంచుకోవడానికి వేసిన ఎత్తు ఇది. మొత్తం సమయంలో ముందున్న రైడర్‌కి ఇచ్చే పసుపు జెర్సీ 1919లో వచ్చింది. ఆ పత్రికని అచ్చేసేది పసుపు కాగితం మీదే మరి.

చూడ్డానికి వెళ్లేవాళ్ల సంబరం అచ్చం మన మేడారం జాతరే. రోజుల ముందే వ్యాన్లలో వచ్చి కొండదారి పక్కన మకాం వేస్తారు. అక్కడే వంట, అక్కడే నిద్ర. పోటీ రోజున కొన్ని గంటల ముందే దారి మూసేస్తారు కాబట్టి ఆలస్యమైతే నడకే గతి. సైకిళ్లకంటే ముందు ప్రచార వాహనాల ఊరేగింపు వస్తుంది. 1930లో మొదలైన ఆనవాయితీ ఇది. బళ్ల మీది నుంచి టోపీలు, కీచైన్లు, చాక్లెట్లు విసురుతుంటే పిల్లల్ని తోసుకుని మరీ పెద్దాళ్లు ఎగబడతారు!

ఆ సందడి సద్దుమణిగాక మళ్లీ ఎదురుచూపులు. చివరికి ఆకాశంలో హెలికాప్టర్ చప్పుడు. మోటారు సైకిళ్లు, పోలీసులు, కార్లు... ఆ వెనకే రివ్వుమంటూ రంగురంగుల గుంపు. చల్లగాలి ఒకటి మొహానికి కొట్టి వెళ్లిపోతుంది. అంతే! చదును నేల మీద నిలబడితే పొద్దుటి నుంచీ కాచుకున్నందుకు దక్కేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో కెమెరాలో కన్నుపెట్టినవాళ్లకి పోటీ సరిగా కనిపించదు, పెట్టనివాళ్లకి ఫొటో మిగలదు.

అందుకే అనుభవజ్ఞులు కొండెక్కుతారు. ఆల్ప్స్ పర్వతాల్లోని ఆల్ప్ డ్యుయెజ్ 13.8 కిలోమీటర్ల ఎక్కుడు, 21 మలుపులు. ప్రతి మలుపు దగ్గరా అక్కడ గెలిచినవాళ్ల పేరుతో బోర్డుంటుంది. 1952లో మొదటిసారి టూర్ ఈ కొండెక్కినప్పుడు గెలిచింది ఇటలీ వీరుడు ఫాస్టో కొప్పి. ఏడో మలుపు నెదర్లాండ్స్ అభిమానుల అడ్డా, అక్కడ ఎటు చూసినా నారింజ రంగే. ప్రతి వంద మీటర్లకీ ఎనిమిది మీటర్లు ఎక్కాలి కాబట్టి ఎంతటి మొనగాడైనా గంటకి ఇరవై కిలోమీటర్లకి అటూ ఇటూ పడిపోతాడు. పైగా ఒకేసారి గుంపుగా రారు. మొదటివాడు వెళ్లిన అరగంటకి కూడా ఆఖరివాళ్లు ఆయాసపడుతూ వస్తూనే ఉంటారు. ఒక ఫొటో చెడినా ఇంకోటి తీసుకోవచ్చు.

ఫొటోగ్రాఫర్లకి మరో చిట్కా ఉంది. షటర్ వేగం సెకనులో వెయ్యోవంతు పెడితే చక్రం ఊచలు కూడా ఆగిపోయినట్టు కనిపిస్తాయి. సైకిల్ నిలబెట్టి తీశారా అనిపిస్తుంది! అరవయ్యోవంతుకి తగ్గించి, రైడర్‌తోపాటే కెమెరానీ తిప్పితే మనిషి స్పష్టంగా, వెనకాల జనమంతా గీతల్లా వస్తారు. వేగం కనిపించేది అందులోనే. పదిసార్లు తీస్తే ఒకటి కుదరొచ్చు.

అయితే ఆ ఒక్కదాని కోసం రోడ్డు మీదికి ఒక్క అడుగు ముందుకేస్తేనే ముప్పు. 1994లో ఆర్మాంటియేర్ పట్టణంలో ముగింపు గీత దగ్గర కాపలాకి నిలబెట్టిన పోలీసే ఫొటో తీయబోయి కాస్త ముందుకి వంగాడు. పూర్తివేగంతో వస్తున్న విల్‌ఫ్రీడ్ నెలిసెన్ అతన్ని ఢీకొన్నాడు. ఫ్రాన్స్ రైడర్ లోరాన్ జలాబేర్‌కి మొహం ఎముకలు విరిగాయి. 1999లో ఆల్ప్ డ్యుయెజ్ శిఖరానికి కిలోమీటరులోపు దూరంలో ఓ కుర్రాడు కెమెరాతో దారి మధ్యలో నిలబడ్డాడు. ముందంజలో ఉన్న జుసెప్పే గ్వెరీనీ అతన్ని గుద్దుకుని పడ్డాడు. లేచి, మళ్లీ సైకిలెక్కి గెలిచాడు కాబట్టి కథ సుఖాంతమైంది. 2014 విజేత విన్సెంజో నిబాలీకి ఆ అదృష్టం లేదు. 2018లో అదే కొండ మీద ప్రేక్షకుడి కెమెరా పట్టీ హ్యాండిల్‌కి చిక్కుకుని పడ్డాడని వార్తలొచ్చాయి. ఎలాగో పైదాకా తొక్కాడు కానీ వెన్నుపూస విరిగిందని తేలి ఇంటికి వెళ్లిపోవాల్సి వచ్చింది. పాపం, ఏడాది కష్టం ఒక పట్టీ పాలు! సెల్‌ఫోన్లు వచ్చాక ఈ బెడద ఇంకా పెరిగింది. తెర మీద దూరంగా కనిపించే సైకిల్ నిజానికి చెయ్యి చాచినంత దగ్గర్లో ఉంటుంది.

అడుగు ముందుకి వేయకుండానే గొప్ప ఫొటో తీయొచ్చని నిరూపించినవాడు రాబర్ట్ కాపా. యుద్ధ ఫొటోగ్రాఫర్‌గా ప్రపంచానికి తెలిసిన ఆయన 1939లో టూర్‌కి వెళ్లాడు. బ్రిటనీలోని ప్లేబెన్ అనే ఊళ్లో సైకిల్ షాపు ముందు నిలబడ్డ జనాన్ని తీశాడు. ఆ షాపు అప్పుడు పోటీలో ఉన్న పియెర్ క్లోరెక్ అనే రైడర్‌ది. అందరి తలలూ ఒకేసారి పక్కకి తిరుగుతాయి. ఫొటోలో సైకిళ్లు లేవు. అవి దాటిపోయిన సంగతి ఆ కళ్లే చెబుతాయి. ఇంకో రెండు నెలలకి యూరప్ యుద్ధంలో మునిగిపోయింది.

ఇలాంటి పోటీ కోసం ఇప్పుడు ఫ్రాన్స్ దాకా వెళ్లనక్కర్లేదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య గుర్తింపుతో 2026 జనవరిలో 'పుణె గ్రాండ్ టూర్' జరిగింది. విదేశీ జట్లు అక్కడి ఘాట్ రోడ్ల మీద పోటీపడ్డాయి. వరంగల్ వాళ్లకి పుణె రైలు దూరమే. అదీ కుదరకపోతే జులైలో టీవీ ఉండనే ఉంది. ఫ్రాన్స్‌లో సాయంత్రం అయిదున్నరకి ముగిసే పోటీ మనకి రాత్రి తొమ్మిదికి, సరిగ్గా భోజనాల వేళకి పూర్తవుతుంది.