తలుపు చాటు అంకె

లంబసింగి చలి చూపిస్తానని పిల్లలకు మాటిచ్చి మూడేళ్లయింది. మొన్న డిసెంబరులో ఇక తప్పించుకునే దారి లేకపోయింది. విశాఖపట్నంలో మధ్యాహ్నం భోజనాలు కానిచ్చి, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా బావమరిది, డిక్కీ మూత పడనన్ని దుప్పట్లు, ఒక పులిహోర డబ్బా బయల్దేరాం. ఊరి చివర బంకులో పెట్రోలు పోయించుకుని గాలి దగ్గరికి తిప్పాను.

"ఎంత పెట్టమంటారండీ?"

"ముప్పై రెండు."

"దూరం ఎల్తన్నారు కదండీ. ఎక్కువ పెడితే వేడెక్కి పేలిపోద్ది. ముప్పై చాలు."

రోజూ వందల టైర్లు చూసేవాడి మాట కదా, సరేనన్నాను. నిజం చెప్పాలంటే నా ముప్పై రెండుకు కూడా ఆధారమేమీ లేదు. కారు కొన్న కొత్తలో ఎవరో అంటే విన్నాను, అదే నోటికి అలవాటైంది.

అనకాపల్లి దగ్గరికొచ్చేసరికి బెల్లం వాసన అద్దాలు దింపించింది. తాళ్లపాలెం దగ్గర హైవే వదిలి నర్సీపట్నం రోడ్డు పట్టుకున్నాం. నర్సీపట్నంలో టీకి ఆగితే పక్కనే పంక్చర్ షాపు, గుమ్మానికి వేలాడుతున్న పాత టైరు. స్టీరింగు ఎందుకో బరువుగా ఉందనిపించి చూడమన్నాను. షాపతను గేజీ పెట్టి, "ముప్పై రెండుంది సార్, బాగానే ఉంది" అన్నాడు. ముప్పై పెడితే ముప్పై రెండు ఎలా అయిందని నాకు తట్టలేదు. పైగా బంకు కుర్రాడి గేజీ తప్పని, చివరికి నా మాటే నెగ్గిందని లోలోపల సంతోషించాను కూడా. టైరు మీద చెయ్యి వేసి చూసి ఉంటే తెలిసేది. కాలిపోతూ ఉండి ఉంటుంది.

డౌనూరు దాటాక ఘాట్ మొదలైంది. ఈ దారి మీద ఎక్కేటప్పుడు ఒక్కసారైనా వెనకటి కథ గుర్తు రావాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనంతో చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. అల్లూరి సీతారామరాజు పితూరీకి దారితీసిన కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న తొలి దెబ్బ పడింది చింతపల్లి స్టేషను మీదే. అలాంటి దారిలో పాటలు పెట్టుకుని, చిప్స్ తింటూ ఎక్కుతున్నాం. మలుపు మలుపుకీ కారు వెనక భాగం మెత్తగా ఊగుతోంది. లోడు ఎక్కువై అలా ఉందనుకున్నాను.

రాత్రికి టెంటు. బొంగు చికెన్ వాసన, నెగళ్లు, అర్ధరాత్రి దాకా ఎవరో మైకులో పాటలు. ఆ మైకు ఒక్కటీ లేకపోతే లంబసింగి ఇంకా బాగుంటుంది. ఈ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరట. తెల్లవారుజామున నాలుగింటికి ఆ పేరు పెట్టినవాళ్లకు దండం పెట్టాను.

పొద్దున్నే ఫోను 8 డిగ్రీలు చూపిస్తోంది. చెరువులవేనం కొండకు పోయి మబ్బులు చూద్దామని బయటికొస్తే, పక్క టెంటు కుర్రాడు తన కొత్త కారు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. హైదరాబాదు నుంచి వచ్చాడట. డాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో పసుపుపచ్చ దీపం, మధ్యలో ఆశ్చర్యార్థకం. "పంక్చరైందన్నా, ఏ టైరో అర్థమైతలేదు" అన్నాడు. మా బావమరిది ఆన్‌లైన్లో కొన్న చిన్న పంపు, గేజీ మా డిక్కీలో ఉన్నాయి. అప్పటిదాకా వాటిని వేళాకోళం చేసింది నేనే.

కొలిచాం. 26, 26, 25, 26.

"మేకు దిగితే ఒకటే తగ్గాలి కదా బావా. నాలుగూ కూడబలుక్కుని తగ్గాయంటే ఇది చలి పని" అన్నాడు బావమరిది. కుర్రాడు గాలి చూపించి మూడు నెలలైందట. బాగున్న టైరులోంచి కూడా నెలకు ఒకటో రెండో పాయింట్లు (పీఎస్ఐ) వాటంతటవే పోతాయి. దానికి చలి తోడైంది. వాతావరణం ఐదారు డిగ్రీలు చల్లబడితే చాలు, టైరులో ఒక పాయింటు పడిపోతుంది.

అప్పుడు నా కారు గుర్తొచ్చింది. నాలుగూ 27. సాయంత్రం 32 చూపించిన టైర్లే.

సంగతేమిటో అప్పుడు వెలిగింది. బంకులో టైర్లు అప్పటికే ఎండకి, ఊళ్లో తిరుగుడుకి వేడెక్కి ఉన్నాయి. ఆ వేడి మీద 30 పెట్టించాను. నర్సీపట్నం వచ్చేసరికి ఇంకా కాగి 32 అయ్యాయి. రాత్రంతా చల్లారాక అసలు లెక్క బయటపడింది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అంత ఎత్తున బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజీ ఒకటిన్నర పాయింటు ఎక్కువే చూపిస్తుంది. అయినా 27 అంటే, అదే చలి సముద్రం ఒడ్డున ఉంటే పాతిక చూపించేది.

"ఇంతకీ ఎంతుండాలి?" అంది మా ఆవిడ, శాలువాలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి.

బావమరిది టైరు పక్కన అచ్చు చూపించాడు, 51 పీఎస్ఐ అని. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం మాత్రమే, అదే టైరు వేరే వేరే కార్లకు వేస్తారు. మన కారుకు ఎంత కావాలో టైరుకేం తెలుసు? హైదరాబాదు కుర్రాడు వచ్చి నా డ్రైవరు తలుపు తీసి, గొళ్లెం కింద స్తంభం మీద బొటనవేలితో దుమ్ము తుడిచాడు. స్టికరు. ఇద్దరు ముగ్గురుంటే ముందు 33, వెనక 33. మనుషులూ సామానూ నిండితే వెనక 36. చల్లని టైరులో అని పక్కనే రాసుంది. చల్లని టైరంటే కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నదని అర్థం. తొమ్మిదేళ్లుగా ఆ తలుపు తీసే ఎక్కుతున్నాను.

అంటే ఐదుగురితో ఘాట్ ఎక్కిన రాత్రి నా వెనక టైర్లలో ఎనిమిది తొమ్మిది పాయింట్లు తక్కువ. వెనక భాగం ఊగింది అందుకే. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ అడుగున నలిగి మళ్లీ సాగుతుంది. ఆ నలుగుడుకే వేడెక్కుతుంది, లోపలి పొరలు విడిపోతాయి, పేలుతుంది. పేలుతుందని గాలి తగ్గించడమంటే పెనానికి భయపడి నిప్పుల్లోకి దూకడమే. దారిలో వేడెక్కి మూడు నాలుగు పాయింట్లు పెరగడం మామూలే. ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే స్టికరు అంకె వేస్తారు. వేడి టైరులోంచి గాలి తీసేయకూడదు.

సిగరెట్ లైటరు సాకెట్లో పంపు గుచ్చాం. చలిలో అది గురక పెడుతూ ఒక్కో టైరుకు నాలుగైదు నిమిషాలు తీసుకుంది. ముందు 33, వెనక 36. తర్వాత కుర్రాడివి. ఆ సందట్లో చెరువులవేనం మబ్బులు విడిపోయాయి. కొండ మీద మాకు మిగిలింది ఎండ, మిరియాల తీగలు పాకిన చెట్లు, గ్లాసులో చింతపల్లి కాఫీ.

దిగేటప్పుడు అవే మలుపులు, అదే లోడు. కారు చెప్పినట్టు వింది.

మర్నాడు పొద్దున్నే ఇంటి దగ్గర, పాలపాకెట్టు కోసం లేచినవాణ్ని, గేజీ పట్టుకుని కిందికి దిగాను. ముందువి 33, వెనకవి 36 పైన పిసరంత. సామాను దిగిపోయింది కాబట్టి వెనక రెండింట్లో మూడేసి పాయింట్లు తీసేశాను.