ఈ పార్కు ఎవరిది?

మా బేస్తవారిపేటలో ఒకప్పుడు ఫ్రిజ్ కొన్న ఇంటికి స్టెబిలైజరు కూడా కొనక తప్పేది కాదు. ఎండాకాలంలో చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారి ఆడితే వోల్టేజి పడిపోయేది. రాత్రి పొద్దుపోయాక అవి ఆగితే ఉన్నట్టుండి పెరిగేది. గోడకు బిగించిన పెట్టెలో ముల్లు ఊగుతుంటే, లోపల రిలే టక్కున మారిన చప్పుడు పక్కగదిలోకి వినపడేది. ఆ పెట్టెల మీద నేను తరచుగా చూసిన పేరు వీ-గార్డ్. కేరళకు చెందిన కొచ్చౌసెఫ్ చిట్టిలపిళ్ళి 1977లో తండ్రి దగ్గర లక్ష రూపాయలు అప్పు తెచ్చుకుని, ఇద్దరు పనివాళ్ళతో మొదలుపెట్టిన కంపెనీ అది. ఆ వ్యాపారంలో నిలదొక్కుకున్న కుటుంబమే తరవాత వండర్‌లా పార్కులు కట్టింది. మా ఇళ్ళల్లో కరెంటు ఒడిదుడుకులను అదుపులో పెట్టిన చేతులే పిల్లలను గాల్లో తలకిందులు చేసే రాట్నాలు కూడా కట్టాయని తెలిశాక, ఆ కంపెనీ లెక్కలు చదవాలన్న ఆసక్తి నాలో పుట్టింది.

నేను ఇంటర్ పిల్లలకు కామర్స్ చెబుతాను. చలికాలం వస్తే మా వైపు కాలేజీలు, స్కూళ్ళు హైదరాబాదుకు ఎక్స్‌కర్షన్ బస్సులు పెడతాయి. మార్కాపురం, దోర్నాల దాటి నల్లమల ఎక్కి, శ్రీశైలం మీదుగా పోయే దారి అది. రాత్రిపూట అడవిలో చెక్‌పోస్టులు మూసేస్తారు కనుక బయల్దేరే వేళ జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ రోడ్డు తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డును తాకుతుంది. రావిర్యాలలోని వండర్‌లా అక్కడికి దగ్గరే. అందుకే మా పిల్లలకు చార్మినారు కన్నా ముందు కనిపించే హైదరాబాదు ఈ పార్కే.

అక్కడ రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ఉంది. ఎక్కి కూర్చోగానే భుజాల మీదికి ఒక కమ్మీ దిగుతుంది. సిబ్బంది వరస వెంట నడుస్తూ ఒక్కొక్క కమ్మీని చేత్తో పట్టి లాగి చూస్తారు. ఆ తరవాత బండిని వెనక్కి, ఎత్తుకు లాగి ఒక్కసారి వదిలేస్తారు. అది మెలికలు తిరిగి, వలయం చుట్టి, అవతలి ఎత్తుకు ఎక్కి, అదే దారిన వెనక్కి వస్తుంది. దిగిన పిల్లల మొహాల్లో భయం, నవ్వు కలిసే ఉంటాయి. ఒకసారి అట్లా దిగివచ్చిన ఒక అమ్మాయి ఊపిరి కూడదీసుకుని నన్ను అడిగింది.

"సార్, ఇంత పెద్ద పార్కు ఎవురిది?"

"ఒక్కరిది కాదమ్మా. షేర్లు కొన్నవాళ్ళందరికీ ఇందులో వాటా ఉంది. రేపు నువ్వు సంపాదించి ఒక షేరు కొనుక్కుంటే నీకూ ఉంటుంది."

"నిజంగానా సార్?"

"నిజంగానే. ఈ హైదరాబాదు పార్కు కట్టడానికే జనానికి షేర్లు అమ్మారు."

ఆ అమ్మాయి నమ్మినట్టు లేదు. కానీ ఆ ప్రశ్నతో నాకు మంచి పాఠమే దొరికింది. మనవాళ్ళు వెళ్ళివచ్చే పెద్ద పార్కులు ఎవరు కట్టారు, ఎట్లా పెంచారు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి అని వరసగా చూసుకుంటూ పోయాను. పుస్తకంలో ఏళ్ళ తరబడి చెప్పిన మూలధనం, స్థిర వ్యయం, ఆస్తి అప్పుల పట్టీ నాకు ప్రాణమున్న సంగతులుగా కనిపించింది అప్పుడే.

ముందు వండర్‌లా సంగతి. 2000లో కొచ్చి దగ్గర వీగాలాండ్ పేరుతో మొదటి పార్కు తెరిచారు. 2005లో బెంగళూరు, మైసూరు రోడ్డు మీద బిడది దగ్గర రెండోది. మూడోది హైదరాబాదుది, 2016లో. నాలుగోది 2024లో భువనేశ్వర్ దగ్గర, ఒడిశా ప్రభుత్వం లీజుకిచ్చిన భూమిలో. అయిదోది 2025 డిసెంబరులో చెన్నై దగ్గర. పాతికేళ్ళలో అయిదు పార్కులు. ఒక్కొక్కటిగానే తెరుచుకుంటూ వచ్చారు.

హైదరాబాదు పార్కుకు డబ్బు కావలసివచ్చినప్పుడు 2014లో ఒక్కో షేరు 125 రూపాయల చొప్పున అమ్మి, సుమారు 180 కోట్లు సమకూర్చుకున్నారు. అంటే సొంతదారులు తమ పెత్తనంలో కొంత వదులుకున్నారు. 2024 డిసెంబరులో పెద్ద మదుపు సంస్థలకు షేర్లు అమ్మి మరో 540 కోట్లు తెచ్చారు. అప్పుడు కుటుంబం వాటా ఇంకాస్త తగ్గింది. అయినా పగ్గాలు వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. తండ్రి తరవాత కొడుకు అరుణ్ చిట్టిలపిళ్ళి సంస్థను నడుపుతున్నారు.

చెన్నై పార్కు కథ మరీ గట్టిగా పట్టుకుంది నన్ను. అక్కడ భూమి కొన్నాక పని మొదలుపెట్టకుండా ఏళ్ళ తరబడి ఆగారు. తమిళనాడులో స్థానిక సంస్థల వినోదపు పన్ను 10 శాతం ఉండేది. జీఎస్టీకి తోడు అది కూడా కడితే గిట్టుబాటు కాదని, మినహాయింపు దొరికేదాకా వేచిచూశారు. ఆ భూమిని వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొని ఉంటే అట్లా ఆగడం కుదిరేదా? ఆగగలగడం కూడా ఒక ఆస్తే. పట్టీలో దానికి గడి ఉండదు.

పార్కు వ్యాపారం పైకి కనిపించినంత సులువు కాదు. పదివేలమంది వచ్చినా వందమందే వచ్చినా గేటు తెరవాల్సిందే. రోజూ పొద్దున రాట్నాలను ఖాళీగా తిప్పి పరీక్షించాల్సిందే. నీళ్ళు శుద్ధి చేయాలి, కరెంటు బిల్లు కట్టాలి, జీతాలివ్వాలి. ఆదాయం మాత్రం వేసవి సెలవులకు, దసరాకు, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా గుంపుగా వస్తుంది. పరీక్షల నెలల్లో, ముసురు పట్టిన వారాల్లో గేటు వెలవెలబోతుంది. పైగా వచ్చినవాళ్ళు మళ్ళీ రావాలంటే రెండు మూడేళ్ళకోసారి కొత్త రాట్నం కావాలి. ఇట్లాంటి వ్యాపారానికి నెలనెలా వడ్డీ తోడైతే ఏమవుతుంది? సెలవులు పిల్లలకే గానీ వడ్డీకి లేవు.

దీనికి జవాబు ముంబై, పుణే రోడ్డు మీద ఖోపోలీ దగ్గర ఉంది. ఇమాజికా పార్కును కట్టిన మన్మోహన్ శెట్టి చిన్నవాడేమీ కాదు. అర్ధ్‌సత్య లాంటి సినిమాను నిర్మించిన మనిషి, ఆడ్‌ల్యాబ్స్ అనే పెద్ద సినిమా సంస్థను పెంచి 2005లో అనిల్ అంబానీ గ్రూపుకు అమ్మిన వ్యాపారి. మన దేశంలోనూ ప్రపంచస్థాయి థీమ్ పార్కు ఉండాలని కలగన్నారు. 2013లో పార్కు తెరిచారు. దానికయిన ఖర్చు 1,600 కోట్ల పైమాటే. అందులో సింహభాగం బ్యాంకుల అప్పు. పార్కు బాగుంది, వెళ్ళినవాళ్ళు మెచ్చుకున్నారు. కానీ అప్పుకు సరిపడా జనం రాలేదు. 2015లో షేర్లు అమ్మకానికి పెట్టింది కూడా ప్రధానంగా పాత అప్పు తీర్చడానికే. కొనేవాళ్ళు ముందుకు రాక ధర తగ్గించి, గడువు పొడిగించాల్సి వచ్చింది. ఒక కంపెనీ షేర్లు అమ్మి కొత్త పార్కు కట్టింది. ఇంకొకటి షేర్లు అమ్మి పాత వడ్డీ భారం దించుకోజూసింది. మాకు కామర్స్‌లో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

కరోనా రాకముందే ఇమాజికా వాయిదాలు తప్పింది. 2020 మార్చిలో దేశంలోని పార్కులన్నీ మూతపడ్డాయి. వండర్‌లాకూ ఆ ఏడు నష్టమే వచ్చింది. కానీ చెప్పుకోదగ్గ అప్పు లేదు కనుక తలుపు తట్టేవాడు లేడు. ఇమాజికా విషయంలో బ్యాంకులు తమకు రావలసిన దాంట్లో పెద్ద భాగం వదులుకున్నాయి. 2022లో మల్పాణీ గ్రూపు మూడింట రెండొంతుల వాటాతో దాన్ని చేతుల్లోకి తీసుకుంది.

ఈ మల్పాణీలు మనకు మరీ కొత్తవాళ్ళు కాదు. షిర్డీ వెళ్ళిన మన ప్రాంతం వాళ్ళు చాలామంది బాబా దర్శనం అయ్యాక సాయితీర్థ్ అనే భక్తి థీమ్ పార్కు చూసి వస్తారు. అది వాళ్ళు కట్టిందే. మహారాష్ట్రలోని సంగమనేరులో పొగాకు వ్యాపారంతో మొదలైన కుటుంబం. లోనావాలా, షిర్డీల్లో వాటర్ పార్కులు నడిపి చెయ్యి తిరిగాకే ఇంత పెద్దదాని జోలికి వచ్చారు. తరవాత ఆ పార్కులు కూడా ఇమాజికా కంపెనీలోకే చేరాయి. ఖోపోలీలో పార్కు ఈరోజుకీ నడుస్తోంది. టికెట్టు కొన్న పిల్లవాడికి యజమాని మారిన సంగతే తెలియదు. కలగన్న మనిషి చేతిలో మాత్రం అది మిగల్లేదు.

మా మార్కాపురం వైపు ఈ సంగతి ఎవరికైనా బోరు లెక్కలో చెబితే చటుక్కున అర్థమవుతుంది. బత్తాయి తోటకు నీళ్ళు చాలక ఒక రైతు ఉన్న పంట డబ్బుతో ఒక బోరు వేస్తాడు. నీళ్ళు పడితే ఆ తడికి సరిపడా చెట్లే పెంచుతాడు, మరుసటి పంట వచ్చాక ఇంకో బోరు సంగతి చూస్తాడు. ఇంకొక రైతు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఒకే ఎండాకాలంలో మూడు బోర్లు దింపుతాడు. ఇద్దరికీ పొలం ఒకటే, కష్టం ఒకటే, వాన ఒకటే. ఒక ఏడు వాన తప్పితే మొదటివాడి తోట వాడుతుంది, రెండోవాడి పొలం చేతులు మారుతుంది.

ఈ న్యాయం మన దేశానికే పరిమితం కాదు. డల్లాసులో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన తల్లిదండ్రులు ఆర్లింగ్టన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ ముందు దిగిన ఫొటోలు మా ఊళ్ళో కూడా చూపిస్తుంటారు. 1961లో ఏంగస్ విన్ అనే టెక్సస్ వ్యాపారి కట్టిన పార్కు అది. తరవాత రైల్వే కంపెనీ చేతికి, జూద యంత్రాలు తయారుచేసే బ్యాలీ కంపెనీ చేతికి, టైమ్ వార్నర్ చేతికి వెళ్ళింది. 1998లో ప్రీమియర్ పార్క్స్ అనే సంస్థ దాన్ని కొని, ఆ పేరునే తను పెట్టుకుంది. వరసగా పార్కులు కొంటూ పోయి, నెత్తిన వందల కోట్ల డాలర్ల అప్పుతో 2009లో దివాలా రక్షణ కోరింది. మరుసటేడు బయటపడింది. చివరికి 2024 జులై 1న సీడర్ ఫెయిర్ అనే మరో పార్కుల కంపెనీతో కలిసిపోయింది. కొత్త సంస్థకు సిక్స్ ఫ్లాగ్స్ పేరే ఉంచారు గానీ వాటాలో సగానికి కాస్త ఎక్కువ సీడర్ ఫెయిర్ వాళ్ళకే దక్కింది, సీఈఓ పదవి కూడా మొదట వాళ్ళ మనిషికే వెళ్ళింది. ఇన్ని చేతులు మారినా ఆర్లింగ్టన్‌లో రాట్నాలు ఆగలేదు. దివాలా తీసిన ఏడు కూడా పార్కులు తెరిచే ఉన్నాయి.

మన దగ్గరే ఇంకో దారి కూడా ఉంది. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల్లో ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియోగా గిన్నిస్ రికార్డుకెక్కింది. సినిమావాళ్ళ కోసం కట్టినది క్రమంగా సందర్శకుల పార్కుగా కూడా పెరిగింది. 2024 జూన్ 8న రామోజీరావు కన్నుమూశాక ఆ బాధ్యత కుటుంబం చేతికే వెళ్ళింది. అక్కడ మారింది తరమే.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకున్నాక నాకు రెండు సంగతులు తేటతెల్లమయ్యాయి. యజమాని మారడం ఒక సంస్థకు చావు కాదు. సరుకున్న పార్కును ఎవరో ఒకరు నిలబెడతారు, అందులో పనిచేసేవాళ్ళకూ వచ్చిపోయేవాళ్ళకూ అదే మేలు. రెండోది, ఎదగడానికి డబ్బు ఎక్కడి నుంచి తెచ్చామన్నదే రేపు ఆ ఆస్తి ఎవరిదవుతుందో నిర్ణయిస్తుంది. వాటా తీసుకున్నవాడు లాభంలోనే కాదు, నష్టంలోనూ తోడుంటాడు. అప్పిచ్చినవాడికి మన కష్టంతో పని లేదు, గడువుతోనే పని. అట్లాగని అప్పు పాపమని నేననను. చిట్టిలపిళ్ళి చేతికి వచ్చిన మొదటి లక్ష కూడా అప్పే. అది ఇద్దరు పనివాళ్ళ షెడ్డుకు సరిపోయే అప్పు, ఆ షెడ్డే తీర్చగలిగిన అప్పు.

మా వైపు కుర్రవాళ్ళు ఇప్పుడు ధైర్యంగా వ్యాపారాల్లోకి వస్తున్నారు. గిద్దలూరులో, కంభంలో, మార్కాపురంలో కొత్త ఫంక్షన్ హాళ్ళు, స్కూళ్ళు, డెయిరీలు వెలుస్తున్నాయి. పలకల పరిశ్రమను కొత్త సరుకుతో మళ్ళీ నిలబెడదామనే వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఇదే. పెద్దగా కలగనండి, వెనక్కి తగ్గకండి. కానీ రెండో అంతస్తును మొదటి అంతస్తు సంపాదనతో కట్టండి. బయటి డబ్బు తప్పనిసరైతే ముందు భాగస్వామి కోసం చూడండి, ఆ తరవాతే బ్యాంకు దగ్గరికి వెళ్ళండి. వాటా పంచుకోవడానికి చిన్నతనం పడొద్దు. మొత్తం నాదేనని పంతం పట్టి మొత్తం పోగొట్టుకోవడం కన్నా, సగం మీద సంతకం పెట్టి మిగతా సగాన్ని పదిలంగా పిల్లలకు అందించడం ఎంతో మేలు.