రెండింటిలో ఏది పెద్దది?

కంప్యూటర్ అనగానే మనవాళ్ళలో చాలామందికి భయం. ఇంగ్లీషు మీడియం వాళ్ళకే వస్తుందని ఒక అపోహ. మేమంతా పల్లెల నుంచి, తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళమే. మాకు సొంత కంప్యూటర్లు లేవు. ల్యాబ్‌లో ఒక్కోదాని ముందు ముగ్గురం కూర్చుంటాం. అందుకే ముందురోజు రాత్రి స్టడీ అవర్లో ప్రోగ్రాంను రఫ్ నోటులో రాసుకుని, చేత్తో లెక్కగట్టి చూసుకుని వెళ్తాం.

అలా రాసుకున్నవాటిలో రెండు ఇంటర్నల్ పరీక్షల్లో ఎక్కువ వచ్చిన మార్కును తీసుకునే ప్రోగ్రాం ఒకటి. ఇఫ్, ఎల్స్‌తో నాలుగు వరుసలు పట్టే పనిని జావాలో 'మ్యాథ్ డాట్ మ్యాక్స్' ఒక్క వరుసలో చేస్తుంది. 14, 17 ఇస్తే 17 ఇస్తుంది. పరీక్షలు మూడైతే ఒక మ్యాక్స్ లోపల మరో మ్యాక్స్ రాస్తే సరి. ఇది కొత్త సంగతేమీ కాదు. 1957లో వచ్చిన ఐబీఎం వారి ఫోర్ట్రాన్‌లోనే ఇలాంటి ఫంక్షన్లున్నాయి. సీ భాషలో 'ఎఫ్‌మ్యాక్స్' 1999 ప్రమాణంతో చేరింది.

చిక్కంతా పరీక్ష రాయనివాళ్ళతోనే వచ్చింది. పత్తితీతలప్పుడో, ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తేనో ఊరెళ్ళి పరీక్ష తప్పినవాళ్ళు మాలో ఉన్నారు. వాళ్ళకు సున్నా వేయాలా? రాసి సున్నా తెచ్చుకోవడం, అసలు రాయకపోవడం ఒకటెలా అవుతాయి? దశాంశ సంఖ్యల్లో 'నాన్' అనే గుర్తు ఉంది. నాన్ అంటే 'నాట్ ఎ నంబర్', సంఖ్య కాదని అర్థం. ఆ గడిలో దాన్ని పెట్టాం. నాన్, 17 ఇస్తే జావా మ్యాక్స్ నాన్ అనే చెబుతుంది. సీ ఎఫ్‌మ్యాక్స్ మాత్రం నాన్‌ను పక్కనపెట్టి 17 ఇస్తుంది. రెండూ తమ తమ నిబంధనల ప్రకారమే నడుస్తాయి.

ఏది న్యాయమని ఆ రాత్రి పెద్ద వాదనే జరిగింది. తెలియనిదాన్ని దాచిపెట్టకూడదు కాబట్టి జావాదే సరైనదని కొందరు అన్నారు. కూలికెళ్ళినందుకు కష్టపడి తెచ్చుకున్న 17 కూడా పోవాలా అని మిగతావాళ్ళం అడిగాం. చివరికి ఆ గడిలో నాన్ ఉందేమో ముందే చూసి, ఉంటే రెండో మార్కు తీసుకుని, పేరు పక్కన 'ఒక పరీక్ష రాయలేదు' అని చూపించేలా రాశాం. మళ్ళీ నాలుగు వరుసలయ్యాయి, కానీ అందరికీ తృప్తి కలిగింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఏ ఫంక్షన్ నేర్చుకున్నా, ఖాళీ గడి ఇస్తే అదేం చేస్తుందో తప్పక అడగండి. మార్కుల లిస్టుల్లో, స్కాలర్‌షిప్ లిస్టుల్లో మన పేర్ల ఎదుట ఖాళీ గడులు చాలాసార్లు చూశాం. రేపు ఆ లిస్టులు తయారుచేసే ప్రోగ్రాంలు మనమూ రాయాలి.

– డిగ్రీ ఆఖరి సంవత్సరం విద్యార్థులు