కలవని తారలు

మన కంటికి ఒంటరిగా తోచే చుక్కలలో ఎన్నో నిజానికి జంటలు. దూరభారం వలన రెండు వెలుగులు ఒకటిగా కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఒకదానినొకటి తాకేంత చేరువలో, ఒకే వాయుకవచాన్ని పంచుకొని పరిభ్రమిస్తుంటాయి. అట్టి జంట ఏనాడో ఒకనాడు ఏకమై ఒకే తార కావచ్చు. ఏ జంట, ఎప్పుడు? ఈ ప్రశ్న నన్ను చిరకాలంగా వెంటాడుతున్నది.

సమాధానం చెప్పగలది కాంతియే. ఒక తార రెండవదానికి అడ్డువచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. ఈ గ్రహణాల నడుమ వ్యవధిని బట్టి పరిభ్రమణ కాలం తెలుస్తుంది. ఆ కాలం నానాటికీ వేగంగా తరిగిపోతుంటే, తారలు చేరువవుతున్నాయని ఊహించవచ్చు.

ఈ ఊహకు 2008లో సాక్ష్యం దొరికింది. వృశ్చిక రాశిలో ఒక తార హఠాత్తుగా వేల రెట్లు ప్రకాశించి, ఎర్రబడి, క్రమంగా మసకబారింది. పోలండు శాస్త్రజ్ఞుడు టిలెండా, ఆయన సహచరులు పాత చిత్రాలను వెదికారు. వేరొక ప్రయోజనానికై 2001 నుండి తీసిన ఆ చిత్రాలలో, సుమారు 1.4 రోజుల పరిభ్రమణ కాలం ఏటేటా తరిగిపోయిన వైనం నమోదై ఉన్నది. రెండు తారలు ఏకమైన కథను వారు 2011లో లోకానికి వెల్లడించారు.

జరిగిపోయినదాన్ని చెప్పడం ఒక ఎత్తు. జరగబోయేదాన్ని చెప్పడం మరొక ఎత్తు. అమెరికాలో కాల్విన్ కళాశాల ఆచార్యుడు మోల్నార్, తన విద్యార్థులతో కలిసి ఆ సాహసం చేశారు. హంస మండలంలో సుమారు 11 గంటలకొకసారి పరిభ్రమించే ఒక జంట 2022 ప్రాంతంలో కలిసిపోయి, వట్టి కంటికి కనిపించేంతగా వెలుగుతుందని 2017లో ప్రకటించారు. ఆకాశాన్ని ప్రేమించే వారందరూ ఆ ఏటికై ఎదురుచూశారు.

మరుసటి సంవత్సరమే క్వెంటిన్ సోషియా అనే పరిశోధక విద్యార్థి, అతని సహచరులు 2003 నాటి పరిశీలనలను పరిశీలించగా, అవి ఆ లెక్కకు లొంగలేదు. కారణం వెదకగా, ఒక పాత పరిశోధన పత్రంలో గ్రహణ సమయం పన్నెండు గంటల తేడాతో అచ్చయినట్లు తేలింది. అంత చిన్న పొరపాటుపై అంత పెద్ద జోస్యం నిలిచి ఉన్నది! మోల్నార్ ఆ సవరణను అంగీకరించారు. 2022 గడిచిపోయింది, ఆ తారలు కలవలేదు.

దీనిని ఓటమి అనడానికి నా మనసు ఒప్పదు. కాలాన్ని పేర్కొని చెప్పిన మాటనే కాలం పరీక్షించగలదు. ఎప్పుడో ఏదో జరుగునని పలికే జ్యోతిష్కుడి మాట ఎన్నటికీ తప్పదు. కనుకనే దాని వలన మనకు తెలిసేదేమీ లేదు. పెద్దవారి లెక్కను ఒక విద్యార్థి సరిచూడటం, ఆ పెద్దలు దానిని మన్నించడం — ఆ తారల వెలుగు కంటె నాకు ఈ వెలుగే మిన్నగా తోస్తున్నది.