తెల్ల బూట్ల కచేరీ

కొద్దిమందే కలిసి వాయించే ఛేంబర్ సంగీతం అనగానే మనిషి బిగుసుకుని కూర్చుంటాడు. దగ్గు వచ్చినా ఆపుకోవాలేమోనని బెరుకు. ఆ బెరుకు పోగొట్టడమే సగం పనిగా పెట్టుకున్నారు కెనడియన్ బ్రాస్ వాళ్లు. 1970లో టొరాంటోలో పుట్టిన బృందమిది. రెండు ట్రంపెట్లు, హార్న్, ట్రాంబోన్, ట్యూబా, ఐదుగురే. పైన నల్ల సూటు, కాళ్లకు తెల్లటి ఆటల బూట్లు!

వేషం అలా ఉంచితే, అసలు చిక్కు వేరే. వయొలిన్ల వాళ్లకు హైడన్, బీథోవెన్ క్వార్టెట్లు రాసిపెట్టి పోయారు. ఇత్తడి వాద్యాలకు అన్ని స్వరాలూ పలికించే వాల్వులు వచ్చిందే 1810లలో. ఈ ఐదుగురి కోసం ఆ మహానుభావులు ఒక్క ముక్కా రాయలేదు. కనక అప్పు తెచ్చుకోవాల్సిందే. బాక్ ఆర్గన్ రచన డి మైనర్ టొకాటా అండ్ ఫ్యూగ్‌ను, బృందంలో అప్పటి ట్రంపెట్ విద్వాంసుడు ఫ్రెడ్ మిల్స్ ఐదు వాద్యాలకు పంచాడు. ఆర్గన్ కూడా గొట్టాల్లోంచి గాలి పలికేదే కదా, అతికినట్టు కుదిరింది. కాకపోతే ఆర్గన్‌కు ఆయాసం రాదు, వీళ్లకు పెదాలు అలిసిపోతాయి. అందుకే రచనకూ రచనకూ మధ్య ట్యూబా వాయించే చక్ డెలెన్‌బాక్ కబుర్లు చెబుతాడు. వెనక మిగతావాళ్లు చిన్న మీట నొక్కి, గొట్టాల్లో చేరిన తడిని నేల మీదికి వదులుతుంటారు.

ఆ హాస్యం నాకు అప్పుడప్పుడూ మోతాదు మించినట్టే అనిపిస్తుంది. ఫ్యూగ్ ఎత్తుకున్నాక మాత్రం వేళాకోళం ఉండదు. ఒకే వరస ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. ఇప్పుడు ఎవరి వంతో సంగీతం తెలియని పిల్లాడు కూడా వేలెత్తి చూపించగలడు.